మా బావ తిన్న తేనె కేకు

ఎలా ఉందంటే ఏం చెప్పనే, ఉండు, నమలనీ. అలా నా నోట్లోకి చూస్తూ నిలబడితే ముద్ద దిగదు. కూర్చో ఆ స్టూలు మీద. ఏం వేశానన్నావ్ ఇందులో, తేనా? తాతయ్యకి షుగరు కదా అని పంచదార మానేసి తేనె పోశావా. ఊఁ. ఎవరు చెప్పారు నీకు, ఫోన్లో చూశావా? మా పెద్దక్కకి పక్కింటి టీచరమ్మ చెప్పింది, అంతే తేడా. నువ్వు చూడలేదులే మా అక్కని. మీ నాన్నకి మేనత్త. మీ నాన్న చిన్నప్పుడు ఆవిడ కేకు కోసం చెప్పుల్లేకుండా ఎండలో పరిగెత్తేవాడు, ఇప్పుడేమో గోధుమ బ్రెడ్డంటాడు. సరే, వాడి గొడవ వదిలెయ్.

మా బావ, అదే ఆ అక్క మొగుడు, టైలరు. ఇంటి ముందు గదే కొట్టు, వెనక వంటిల్లు. నేను అక్కడే కటింగ్ చేసేవాణ్ణి, అప్పటికి నాకూ పెళ్ళయింది. మధ్యలో ఒక్క కర్టెనే అడ్డం. మిషను ఆగిందంటే వెనక అక్కకి తెలుస్తుంది, ఓవెను తలుపు తీసిందంటే ముందు మాకు తెలుస్తుంది. బావకి షుగరుందని తేలిన రోజు అక్క ఏం చేసిందో తెలుసా, ఖాళీ ఓవెన్లో ఉల్లిపాయలు నిల్వ పోసింది. నిజమే చెప్తున్నా. "ఆయన తిననిది ఎవరికోసం చెయ్యాలి" అంది. అంతే, అప్పట్నుంచి మనిషి మారిపోయింది. ఇంట్లో ఎవరో పోయినట్టు తిరిగేది. పలకరిస్తే ఊఁ, లేకపోతే అదీ లేదు. కేకులు మానేస్తే ఇంతుంటుందా అనుకున్నాం గానీ, అక్కకి పిల్లా జెల్లా లేరు, ఉన్నదల్లా ఆ మైదా డబ్బా, మా బావా. ఇదిగో అప్పుడొచ్చింది టీచరమ్మ. "పంచదారంటే మిషన్లో చేసింది గానీ, తేనె ప్రకృతి ఇచ్చిందండీ, ఒంటికి ఏమీ చెయ్యదు" అని చేతులు తిప్పుతూ చెప్పింది. మర్నాడే ఉల్లిపాయలు బయటికొచ్చాయి.

ఇంక చూడు. తేనె తొందరగా మాడుతుంది, సెగ తగ్గించాలి. పాలు కాస్త తగ్గించి పొయ్యాలి, చిటికెడు సోడా పడాలి. బెల్లమైతే కరిగించి వడకట్టాలి, లేకపోతే పంటి కింద ఇసుక. ఖర్జూరం ముద్ద వేస్తే పొంగదు గానీ నాలుగు రోజులున్నా మెత్తగా ఉంటుంది. ఇవన్నీ నాకెందుకు తెలుసనుకున్నావ్? ఆదివారం ఆదివారం మా మీదే పరీక్ష. బెల్లంది బాగుందా తేనెది బాగుందా అంటూ కళ్ళింత చేసుకుని నిలబడేది, ఇందాక నువ్వు నిలబడ్డట్టే. బావ తేనెకే ఓటేసేవాడు. రెండో ముక్క అడిగి మరీ తినేవాడు. అక్క పాట పాడుకుంటూ గిన్నెలు కడిగేది. ఆ పాట వింటూ బావ కత్తిరించిన దారాలు ఏరుకుంటూ కూర్చునేవాడు. కాసేపయ్యాక మాత్రం చెంబెడు నీళ్ళు గటగటా తాగేవాడు, మళ్ళీ చెంబు ముంచేవాడు. ఎండాకాలం కదా అనుకున్నాను నేను.

తర్వాత మిషను పెడలు అంచు గీసుకుని కుడికాలి బొటనవేలి పక్కన చిన్న దెబ్బ తగిలింది. చిన్నదే, బియ్యపుగింజంత. అది మానదే. రక్తం పరీక్ష చేయిస్తే షుగరు ఆకాశంలో ఉంది. అక్కకి అనుమానమొచ్చింది, ఈయన ఎక్కడో దొంగతిండి తింటున్నాడని. అలమారకి తాళం, తాళంచెవి బొడ్లో. చొక్కా జేబులు తిరగేసేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాను" అనేది. ఒకసారి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ ముందే నిలదీసింది, ఎక్కడ తింటున్నారు చెప్పండని. నాకు చచ్చేంత సిగ్గేసింది. బావ తల దించుకుని, దారం పంటితో తెంపి, "మూల మీద బేకరీలో. బన్ను" అన్నాడు. ఎప్పుడడిగినా అదే మాట. తిట్టేది, ఏడ్చేది, మళ్ళీ ఆదివారం రాగానే "పాపం తీపికి మొహం వాచిపోయారు" అని తేనె కేకు ఇంకో ముక్క ఎక్కువే పెట్టేది. వేలు నల్లబడింది. మిషను చప్పుడు కుట్టు మధ్యలో ఆగిపోయేది, కర్టెన్ అవతల గిన్నె చప్పుడూ ఆగేది. డాక్టరమ్మ చెప్పేసింది, ఇలాగే ఉంటే పాదం దక్కదని. టైలరుకి పాదం పోతే ఇంకేముందే, చెయ్యి పోయినట్టే కదా.

అక్క తిన్నగా బేకరీకెళ్ళింది దెబ్బలాటకి. బేకరీ ఆయన నోరెళ్ళబెట్టాడట. "అమ్మా, మీ ఆయన నా మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో. సాయంత్రం బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుని పోతాడు. టీ కూడా చప్పటిదే" అన్నాడట. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. నా కత్తెర గుడ్డ మధ్యలోనే ఆగిపోయింది. "బన్ను తినలేదట. మరి ఏం తింటున్నారు?" అంది. బావ చేత్తో మిషను చక్రం ఆపాడు. "నువ్వు పెట్టిందేనే" అన్నాడు. డాక్టరమ్మ ఆయనకి మొదట్లోనే చెప్పిందట, తేనైనా బెల్లమైనా ఖర్జూరమైనా నీకు చక్కెర కిందే లెక్క, ఏ రాయైతేనేమయ్యా పళ్ళూడగొట్టుకోడానికి అని. అక్క అడిగింది, "మరి నాకెందుకు చెప్పలేదు?" ఆయనేమన్నాడో తెలుసా? "మళ్ళీ ఓవెన్లో ఉల్లిపాయలు పోస్తావని" అన్నాడు.

పాదం ముందు సగం తీసేశారే. ఆసుపత్రి వరండాలో అక్క నా చొక్కా పట్టుకుని, నా చేత్తో పెట్టానురా, నా చేత్తో, అని ఒకటే మాట. బావ తర్వాత ఎడమకాలితో తొక్కడం నేర్చుకున్నాడు, కుట్లు కాస్త వంకర పోయేవి, నేను విప్పి కుట్టేవాణ్ణి. ఆ పైన అక్క ఏదో షుగరు పెంచని తియ్యాకు పొడట, అది తెప్పించి, డాక్టరమ్మనడిగి మరీ చేసింది కేకు. పొంగలేదు, రంగు రాలేదు, మింగాక చేదు. బావ నమిలాడు, నమిలాడు, అక్క మొహంలోకి చూశాడు. "బాలేదే" అన్నాడు. "అస్సలు బాలేదు." అక్క నవ్వింది చూడు, నవ్వీ నవ్వీ ఏడ్చింది. ఈ ముక్క అప్పుడే అనుంటే కాలుండేది కదండీ అంది. పోయేదాకా ఆ మాటే అనేది.

ఏంటే, నా ప్లేటు అలా చూస్తున్నావ్? తిన్నాను కదా, అంతా తిన్నాను. పోయిన ఆదివారమూ తిన్నాను, ఆ ముందుదీ తిన్నాను. బాగుంది, అబద్ధమెందుకు, మా అక్క చేసినట్టే ఉంది. నువ్వేమో అలా కళ్ళింత చేసుకుని... సర్లే. లేచి కాసిని మంచినీళ్ళు పట్రా తల్లీ. గ్లాసుతో కాదు. చెంబుతో పట్రా.