తిరిగొచ్చిన ఉత్తరాలు

యుద్ధ శిబిరంలో సిపాయిలు ఇళ్లకు రాసే ఉత్తరాలన్నీ ముందు గుమాస్తా చదవాలి. బయటికి పొక్కకూడని సంగతులుంటే కత్తిరించాలి. ఆ మధ్యాహ్నం ఆయన ఒక సిపాయిని తన గుడారానికి పిలిపించాడు.

“మీ అమ్మకి రాసినవన్నీ తిరిగొచ్చాయోయ్. ఇంటికి తాళం వేసుందట.”

“నేనే వేసొచ్చానండి. అమ్మ పోయాక ఇంకెవరున్నారని?”

“మరి ఎవరూ లేని ఇంటికి బూట్లు కరుస్తున్నాయనీ, కూరలో ఉప్పుండదనీ వారం వారం ఆ రాతలేంటయ్యా? కత్తిరిద్దామంటే ఒక్క ముక్క దొరకదు నాకు!”

“ఏదో, తోచక రాస్తానండి.”

“ఎవరు చదువుతారని?”

“పంపేముందు మీరు చదువుతారు కదండీ.”

గుమాస్తా చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు.

“ఆ స్టూలు లాక్కుని కూర్చో. మడమ మీద బొబ్బ తగ్గిందా?”