కాలరు లోపలి గుర్తు

బోధన్ చెరువుగట్టు మీద షక్కర్ ఫ్యాక్టరీ ఉద్యోగుల బట్టలు ఉతుకుతున్న ఆమె, ఫ్యాక్టరీ కొత్త బస్తీ మీటింగు నుంచి వస్తున్న మొగుణ్ణి చూసి చేతిలోని పంచె వదిలేసింది.

“మన రేవు ఉంటదా, పోతదా?”

“కొత్త బస్తీ నక్షల లేకుండె. గట్టు పొంటి కింద దుకాన్లు, మీద ఇండ్లు గీసిండ్రు.”

“నువ్వేం అనలేదా?”

“ఏం గావాలెనో చెప్పుండ్రని ఫ్యాక్టరీ ఆఫీసరు అందర్ని అడిగిండు. గాయన నక్ష మీదికి వంగంగనే కాలరు లోపల మనం పెట్టిన గుర్తు కనవడ్డది.”

“మూడు సుక్కలా?”

“ఆఁ. ‘సార్, మీ అంగీ గా రేవుల్నే తెల్లగైంది’ అన్న. కాలరు మలిపి సూసుకొని నవ్విండు. పెన్సిలు తీసి రేవు గీసిండు.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“రేవని రాసిండా?”

“రాయలే. మన మూడు సుక్కలే పెట్టిండు.”