మడి మధ్య తాళ్లు

సారుమక్క పొలం సంగతా, నిమొల్ తల్లీ? ఊరు కాసే నెయాక్ తా దేవుడు ఆ మడిలో మందుపాతరలన్నీ రాత్రికి రాత్రి మాయం చేశాడనేగా నీకు చెప్పింది? నేనొప్పుకోను. దేవుడే తీసి ఉంటే, మడి మధ్యలో ఆ పదిహేడు తాటిచెట్లు ఎందుకున్నట్టు? మనవాళ్లు తాటిని గట్టు మీద తప్ప ఎక్కడైనా నాటారా, చెప్పు.

తొంభై రెండులో, యుద్ధం ఆగాక, థాయి సరిహద్దు శిబిరాల నుంచి మన జనం తిరిగొచ్చారు. సారుమక్కా వచ్చింది, ఒంటరిగా, ఒక కుండ, ఒక దోమతెరతో. అప్పటి ఊరిపెద్ద హోయున్ ఆవిడకు చూపించింది ఏ భూమి అనుకున్నావు? మందుపాతరల భయంతో పశువుల్ని కూడా దించని ఆ మడి. ఆ వానలకు నాటు పడకపోతే ఆవిడకు తిండి లేదు. బదులు పనికి రమ్మని ఇంటింటికీ తిరిగితే మనవాళ్లు... మా అమ్మ సహా, దాచడమెందుకు... “శిబిరం బియ్యం తిన్న చేతులమ్మా, నాట్లేం తెలుసు వాటికి!” అని నవ్వారు.

అదలా ఉంచు. సారుమక్క పొద్దున్నే గీతకత్తి పట్టుకుని ఆ మడిలో మోకాళ్ల మీద పాకేది. “ఏం చేస్తున్నావక్కా?” అని గట్టు మీంచి నేనడిగితే “గడ్డి కోస్తున్నా, దగ్గరికి రాకు” అనేది. ఆ తర్వాత చూస్తే అక్కడక్కడా తాటిటెంకలు పాతి ఉండేవి. హోయున్ పొట్ట పట్టుకుని నవ్వాడు: “ఏమ్మోయ్, తాటిని గట్టు మీద నాటాలని కూడా మరిచిపోయావా?” ఆవిడ తల ఎత్తలేదు. “గట్లన్నీ మీవేగా తమ్ముడూ, నా తాళ్లకి చోటేదీ?”

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటావా? పక్క ఊళ్లో తిరిగొచ్చిన ఒకతని గుడిసెలో పేలుడు సామాను ఉందన్నారు. మిలీషియా అతన్ని తీసుకెళ్లింది, అతను మళ్లీ రాలేదు. ఆవిడ మందుపాతరలు తీసిందని తెలిసినా అంతే, దాచిందని తెలిసినా అంతే. ఆ ఏడే నాట్లు పడ్డాయి. అదంతా దేవుడి మహిమేనని అప్పుడు నెయాక్ తాకి కోడిని కోసింది హోయునే.

ఇప్పటికీ అటు వెళ్తే ఆ చెట్లను ఒక్కొక్కటీ లెక్కపెడతాను, తల్లీ. ఒక్కో చెట్టు దగ్గర ఆవిడ ఎంతసేపు ఊపిరి బిగబట్టి ఉంటుందో...

ఆవిడ పోయిన మరుసటేడు, 1998 మార్చి పదకొండున, మందుపాతరలు తీసేవాళ్లు వచ్చారు. మడిలో ఒక్కటీ దొరకలేదు. ఆవిడ గుడిసె వెనక పాడుబావిలో, మట్టి కింద, వరసగా పేర్చి ఉన్నాయి. పదిహేడు.