రెండో సర్వరు

ఆసుపత్రి మేడ మీద, విచారణ గది బయటి బెంచీ. కూర్చున్నది పిల్లల వార్డు నర్సు. పక్కన నిలబడినవాడు ఆమె మరిది. ఆ ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునేది అతనే.

"నిన్ను లోపలికి పిలిచేలోపు ఒక్క మాట చెప్పాలి వదినా."

"ముందు కూర్చో బుజ్జీ. అలా నిలబడితే నాకు కంగారు."

"ఇక్కడ బుజ్జీ అనకు, ఎవరైనా వింటారు."

"విననీ. మా వార్డులో పాప ఎలా ఉందో కనుక్కున్నావా?"

"ఆక్సిజన్ తీసేశారట. వాళ్ళమ్మతో మాట్లాడుతోందట."

"అమ్మయ్య! ఊపిరాడక పెదాలు నీలంగా మారిపోయాయిరా. నేనేమో మందుల బీరువా ముందు నిలబడి, అది తెరిచే పాస్‌వర్డు కొడుతున్నా, కొడుతున్నా... తప్పు పాస్‌వర్డు, తప్పు పాస్‌వర్డు. చివరికి కింద ఎమర్జెన్సీ దాకా పరిగెత్తి ఇంజెక్షన్ తెచ్చా."

"దాని గురించే వచ్చాను."

"చేతులు వణికాయి బుజ్జీ. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ వణకలేదు."

"చేతుల సంగతి కాదు. నువ్వు కొట్టింది కొత్త పాస్‌వర్డే కదా? మొన్న మార్చుకున్నది?"

"అదే అనుకున్నా. ఇప్పుడేమో... ఏమో, చెప్పలేను."

"అదే కొట్టావు."

"నువ్వు చూశావా ఏంటి?"

"విను. పాస్‌వర్డు సరైనదో కాదో చెప్పే సర్వర్లు రెండున్నాయి. ఒకటి పనిచెయ్యక పడిపోతే రెండోది అందుకోవాలి. ఒకదాంట్లో ఏది మారినా వెంటనే రెండోదాంట్లో కాపీ పడాలి."

"పడాలి. అయితే?"

"పడట్లేదు. చాలా రోజులుగా పడట్లేదు. ఆ రోజు మొదటిది పడిపోయింది, రెండోది అందుకుంది. దానికి నీ పాత పాస్‌వర్డే తెలుసు."

"అంటే... పాతది కొడితే బీరువా తెరుచుకునేదా?"

"తెరుచుకునేది."

"అయితే నేను సరిగ్గానే కొట్టానా?"

"సరిగ్గానే కొట్టావు వదినా."

"సరిగ్గానే కొట్టాను... నీకిది ఎప్పుడు తెలిసింది?"

"అది..."

"ఆ రోజేనా?"

"కాపీ ఆగిందని ముందే తెలుసు. రోజూ తెర మీద ఎర్రగా చూపిస్తూనే ఉంది. బాగుచెయ్యాలంటే కాసేపు రెండూ ఆపాలి, ఆపితే డాక్టర్లందరూ నా మీద పడతారు. మొదటిది నడుస్తోంది కదా, రేపు చూద్దాం, రేపు చూద్దాం అని... తిట్టు, పోనీ."

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది. నర్సే తప్పు కొట్టింది, సర్వర్లు బాగానే ఉన్నాయి అని రిపోర్టు ఇచ్చింది... నేనే. భయపడ్డాను."

"తెలుసు."

"తెలుసా?"

"చదివి వినిపించారు. కింద నీ పేరుంది."

"ఎవరు వినిపించారు? నిన్నింకా పిలవలేదుగా!"

"నువ్వు రాకముందే పిలిచారు."

"అయ్యో! మరి ఏం చెప్పావు? కొత్తదే కొట్టానని గట్టిగా చెప్పావు కదా? పద, ఇద్దరం వెళ్దాం, మొత్తం నేనే చెప్పేస్తా..."

"గట్టిగా ఎలా చెప్పను? మా బుజ్జి రాశాడంటే అదే నిజమనుకున్నా. ఆ పాపని అంతవరకూ తెచ్చింది నా చేతులేనని ఒప్పుకుని, ఉద్యోగం వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చున్నా."