శనివారపు అభ్యంతరం

1996 జూన్ 17, సోమవారం. శ్రీమతి అబిగయీలు గారు వాకాడు తీరాన ఉన్న మా వేదపాఠశాలలో క్రైస్తవ సిద్ధాంత బోధకురాలిగా చేరిన ఆ దినాన భోజనశాలలో మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు వడ్డించారు. సంఘచరిత్ర బోధించే నేను వారికి ఎదురుగా కూర్చున్నాను. రెండోసారి పులుసు పోయించుకుంటూ వారు వంటమనిషి కామమ్మను అడిగారు.

"ఇన్నేళ్లుగా మా వాళ్ల ప్రసంగాలు వింటున్నావు కదమ్మా. నీకు ఒప్పుదల కానిది ఏమిటి?"

కామమ్మ పోలేరమ్మను కొలిచే మనిషి. గరిటె ఆపింది.

"చెప్తే యేమనుకోరు గదా?"

"అనుకోను."

"అందురూ చెప్పేవోళ్లేనమ్మా. యెదుటి మనిషికి యేం అడ్డమొస్తా వుండాదో అడిగినోడు వొక్కడూ లేడు."

మేమంతా నవ్వాం. అబిగయీలు గారు నవ్వలేదు. ఆ వారంలోనే ఒక నియమం పెట్టారు. ఆదివారం ప్రసంగించవలసిన విద్యార్థి శనివారం సాయంత్రం సంఘానికి వెలుపలివారి వద్దకు వెళ్లి, తన ప్రసంగం వినిపించి, వారి అభ్యంతరాన్ని అడిగి తీసుకురావాలి. మరునాడు ఆ అభ్యంతరాన్ని వారి మాటల్లోనే, అది తనదే అన్నంత నిజాయితీగా పలికి, ఆ పిమ్మటే వాక్యం విప్పాలి. ఎదుటివారి మాటను పలుచన చేసినవాడికి ఆ వారం వేదిక లేదు.

అలా మా విద్యార్థులు వలలు బాగుచేసే చిన్నపోలయ్య గారి పందిరి కిందికీ, సూళ్లూరుపేట టీ దుకాణాలకూ వెళ్లారు. "ఈ వారం నా నోట్లో పడేదానికి వచ్చినోడు యెవురబ్బయా?" అని చిన్నపోలయ్య గారు ముందే కేకవేసేవారు. తిట్లు తిని వచ్చినవారే తరువాత మంచి సంఘ కాపరులు కావడం నేను కళ్లారా చూశాను.

2009లో అబిగయీలు గారు ప్రధానాచార్యులైనారు. అప్పటికే, పండితులు ఆధునికోత్తరమని పిలిచే కాలపు గాలి మా తీరాన్నీ తాకింది. ఎవరి సత్యం వారిదన్న మాట చేతి ఫోనుతో పాటు ప్రతి ఇంటికీ వచ్చింది. కొన్ని సంఘాలు భయపడి తలుపులు బిగించుకున్నాయి. మరికొన్ని సిద్ధాంతాన్ని అటకెక్కించి రంగుదీపాలు, డ్రమ్ములు తెచ్చుకున్నాయి. మాకూ ఆ సలహాలు వచ్చాయి. అబిగయీలు గారు దేనికీ లొంగలేదు. "జవాబు తెలియకపోవడం వేరు, జవాబే లేదనడం వేరు" అని తరగతిలో పదే పదే చెప్పేవారు.

ఈ ఫిబ్రవరిలో జరిగినది మన పాఠశాలలో తప్ప మరెక్కడా జరగదు. మూడో సంవత్సరం విద్యార్థి గిద్యోను, సూళ్లూరుపేటలో ఫోన్లు మరమ్మతు చేసే శివశంకర్ అభ్యంతరంతో ప్రసంగం మొదలుపెట్టాడు. "మీ దేవుడు మీకు నిజం, నాకు కాదు. అందరికీ ఒకటే సత్యమనడం అహంకారం." నియమం ప్రకారం తన మాటలాగే గట్టిగా చెప్పాడు. ఎవరో ఆ ముక్క వరకే కత్తిరించి ఫోన్లలో పంచారు. వేదపాఠశాల విద్యార్థి దేవుణ్ణి కాదన్నాడని రెండు రోజుల్లో జిల్లా అంతా పాకింది.

పాలక మండలి సమావేశమైంది. శనివారపు నియమం ఆపాలనీ, గిద్యోనుకు పట్టా ఇవ్వకుండా నిలిపివేయాలనీ ఆదేశించింది. "పట్టా మీద సంతకం నాది. పెట్టేశాను" అన్నారు అబిగయీలు గారు. "నేనున్నంత వరకు అభ్యంతరం ఉంటుంది." అయితే ఈ మే నెలలో వారి పదవీ విరమణతోనే ఆ నియమమూ ముగియాలని మండలి తీర్మానించింది.

తరువాతి ఆదివారం శివశంకర్ మా గుడికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక అబిగయీలు గారి దగ్గరకు వచ్చి మండిపడ్డాడు. "నా మాట మీ పిల్లోడు కరెక్టుగానే చెప్పినాడమ్మా. కోసినోళ్లే అబద్ధం చేసినారు."

"ఎవరి నిజం వాళ్లది కదా శివశంకర్? కోసినవాళ్లకు అదే నిజమేమో."

"అదెట్లమ్మా? జరిగింది జరిగినట్టే వుండాల గదా!"

ఆ మాట అనేసి తనే ఆగిపోయాడు. వారు గెలిచినట్టు నవ్వలేదు. "కూర్చో నాయనా, కాఫీ తాగి పోదువు" అన్నారు. శివశంకర్ నేటికీ విశ్వాసి కాలేదు. అభ్యంతరాలు చెప్పడమూ మానలేదు.

నా స్వంత మాట ఒకటి. నా భార్య సుగుణ కన్నుమూసిన వారం అందరూ బైబిలు వచనాలతో ఓదార్చారు. అబిగయీలు గారు మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని, "కృపాదానం గారూ, ఈ వారం అభ్యంతరం మీ దగ్గర తీసుకుంటాను" అన్నారు. అంత ప్రార్థించాం కదా, ఎందుకు తీసుకుపోయినాడని అడిగాను. ఆదివారం వేదిక మీద నా ప్రశ్నను ఒక్క అక్షరం మెత్తబరచకుండా పలికి, "దీనికి జవాబు నా వద్ద లేదు. అడగవలసినవాడు ఉన్నాడు గనుక అడుగుదాం" అని మోకరించారు. సంఘమంతా నా ప్రశ్నతో మోకరించింది. ఆ రోజు నుంచే నాకు మళ్లీ నిద్ర పట్టింది.

కనుక మండలి పెద్దలకు సవినయంగా, అయినా స్పష్టంగా, మన పాఠశాల పత్రిక ఈ సంచికలోనే తెలియజేస్తున్నాను. జూన్ 7, శనివారం సాయంత్రం విద్యార్థులను వెంటబెట్టుకుని చిన్నపోలయ్య గారి పందిరికి నేను వెళుతున్నాను. ఆపదలచినవారు అక్కడికి రావచ్చు. ఆయన వారి అభ్యంతరం కూడా వింటారు.

మే 31న పదవీ విరమణ చేస్తున్న అబిగయీలు గారికి దేవుడు దృఢమైన ఆరోగ్యాన్ని, నిండు ఆయుష్షును, ఎదురు చెప్పే మిత్రులను సమృద్ధిగా అనుగ్రహించుగాక.

గడచిన శనివారం, మరునాడు ప్రసంగించే విద్యార్థులంతా వచ్చి తాము తెచ్చిన అభ్యంతరాలు చెప్పి వెళ్లాక, అబిగయీలు గారు తరగతి గది తలుపు ఒక రెక్క మూసి ఆగారు. గిద్యోను ఇంకా రాలేదు. చీకటి పడ్డాక రొప్పుతూ వచ్చాడు.

"ఎవరి మాట తెచ్చావు?"

"శివశంకర్‌దేనమ్మా. ఈసారి ఇంకా గట్టిగా అన్నాడు. అట్లనే చెప్పేదా?"

"అట్లనే చెప్పు" అని, వారు రెండో రెక్క కూడా చప్పుడు కాకుండా దగ్గరకు వేశారు.