దున్నకుండా మిగిలిన సగం బీడు

1965. వానలు ముఖం చాటేసిన ఏడాది. ఆదిలాబాద్ దగ్గరి ఒక సర్కారు పశువుల ఫారంలో, గడ్డి కోసే నర్సవ్వ తలమీది మోపును అధికారి ముందు దించింది.

"ఇది ఏ దిక్కుది నర్సవ్వా?"

"దున్నని దిక్కుది సారూ. పదహారో మోపు."

"నేను ఒక్క తీరు గడ్డి విత్తిన దిక్కు?"

"తొమ్మిదే ఎల్లినయి."

"పోయినేడు గదే ఎక్కువొచ్చింది గద!"

"పోయినేడు వానలు మంచిగ పడ్డయి. ఇప్పుడు నెల సంది సుక్క లేదు. మీరు విత్తింది మొత్తం ఒక్కపారే ఎండింది."

"మరి దున్నని దిక్కు ఎండ కొట్టలేదా?"

"కొట్టింది. గరిక ఎండింది. బోదగడ్డి వేర్లు లోతుకు పోతయి, గందుకే అది నిలబడ్డది. నడుమ పిల్లిపెసర తీగ పాకింది. అది ఉన్నకాడ పక్క గడ్డి సుత ఏపుగ పెరుగుతది."

"సోమవారం ట్రాక్టర్ వస్తది. గా మిగిలిన సగం సుత దున్నిస్తనని నేనే పై ఆఫీసుకు రాసిన."

"దున్నితె ఎండకాలం పసులు ఏం తింటయి సారూ?"

"మొదటి సగం దున్నేటప్పుడే వద్దని నువ్వు చెప్పినవు. నేనే ఇనలే."

"మీరు కొత్తగొచ్చిండ్రు అప్పుడు."

"నాది తప్పని ఇప్పుడు రాస్తె నన్ను ఈడ ఉంచరు, నర్సవ్వా. ఏడికో బదిలీ చేస్తరు."

"పసులకు బదిలీ లేదు సారూ. అవి ఈడనే ఉండాలె."

అధికారి కొత్త కాగితం తీశాడు.

"ట్రాక్టర్ వద్దని రాస్తున్న. గా దిక్కున్న గడ్డి పేర్లన్నీ చెప్పు."

"అన్ని చెప్పాల్నా? ఇరవై దాంక ఉంటయి."

"చెప్పు. నాకు తెల్సింది ఒక్కటే."