మిట్ట వెనక గంట

మైకు బాబాయ్ గొంతు సవరించుకున్నాడంటే క్యాంటీన్ అక్క ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టేస్తుంది. ఆయన కథ ఒక్క టీతో తెమిలేది కాదని ఆవిడకు ఇరవై ఏళ్ల అనుభవం. ఆ మధ్యాహ్నం కూడా పెట్టేసింది. గోల్ఫ్ క్లబ్బు వెనక వరండాలో, తడిసిన సంచులు ఆరబెట్టే చోట, పొడుగు బల్ల మీద బాబాయ్‌కి ఎదురుగా ఇద్దరున్నారు. ఒకరు గేటు దగ్గర కాపలా కాసే మనిషి, మెడలో ఈల. ఇంకొకరు గడ్డి కోసే మిషను నడిపే అమ్మాయి, ఆ మోతకు చెవులకు పెట్టుకునే డొప్పలు మెడకు వేలాడేసుకుని ఉంది. కాస్త ఎడంగా, కుర్చీలో, విప్పిన పేపరు వెనక సెక్రటరీ గారు.

సెక్రటరీ గారు ఇక్కడికొచ్చి టీ తాగడం ఎప్పుడో గానీ జరగదు. ఇవాళ ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు. ఏడో గుంటకు పోయే దారిలో పెద్ద మట్టి మిట్ట ఒకటుంది. ఇవతల నిలబడి బంతి కొట్టేవాళ్లకు అవతల ఎవరున్నారో కనబడదు. అందుకని ముందు జట్టు మిట్ట దాటి, బంతి తగలనంత దూరం వెళ్లాక, అక్కడ స్తంభానికున్న ఇత్తడి గంట కొట్టాలి. అది వినబడ్డాకే వెనక జట్టు ఆడాలి. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ వస్తున్న మర్యాద అది. ఈ మధ్య ఆడేవాళ్లు మరిచిపోతున్నారని, సోమవారం నుంచి గంట దగ్గర ఒక మనిషిని పెడదామని కమిటీ అనుకుంది. ఆ పని గేటు మనిషీ అడిగాడు, మైకు బాబాయీ అడిగాడు. ఇద్దరిలో ఎవరికివ్వాలో సెక్రటరీ గారు తేల్చాలి.

బాబాయ్‌కి అది కావాలి. ముప్పై ఏళ్లు కర్రల సంచీ భుజాన వేసుకుని ఆడేవాళ్ల వెనక నడిచిన మనిషి. నెల కిందట కుడి మోకాలు మొరాయించింది, ఇక సంచీ మొయ్యొద్దని డాక్టరు తేల్చేశాడు. ఇంట్లో ఉంటే కిటికీ దగ్గర కూర్చుని, అడగనివాళ్లకు కూడా దారి చెబుతున్నాడని పెళ్లాం తల బాదుకుంటోంది. గంట దగ్గరైతే కుర్చీ ఉంటుంది, నీడ ఉంటుంది, కళ్ల ముందు మైదానం ఉంటుంది. అదీ దక్కకపోతే రేపు పొద్దున లేచి చెప్పులెందుకు వేసుకోవాలో ఆయనకు తెలీదు. అందుకే ఇవాళ కథ ఆ పేపరుకు వినబడేంత గట్టిగా మొదలుపెట్టాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఎప్పుడో పదేళ్ల కిందట, మన పళ్ల డాక్టరు గారు మూడో గుంట దగ్గర వంగి బంతి వెతుక్కుంటున్నాడు, వెనక నుంచి ప్లీడరు గారు కొట్టిన బంతి దారి తప్పి సరిగ్గా ఆయన నెత్తి మీదికే వస్తోంది, నేను 'ఫోర్' అని ఒక్క కేక వేశా. మన ఆటలో ఆ కేకకు ఒకటే అర్థం కదా, ఎవరి నెత్తి వాళ్లు కాపాడుకోండని. ఆయన ఠక్కున సంచీ చాటున కూర్చున్నాడు, బంతి టోపీ అంచు రాసుకుంటూ పోయింది. అంతే."

"అది నిజమే. ఆ టోపీ నేనూ చూశా," అంది క్యాంటీన్ అక్క.

నిజమని ఎవరైనా అంటే బాబాయ్‌ని ఇక ఆపలేం. గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరుసటేడు పోటీల్లో, పద్దెనిమిది గుంటల దగ్గరా జనమే జనం, ఒకాయన కొట్టిన బంతి ఎటు పోతుందో దానికే తెలీదు, నేను గొంతు సగమే తెరిచా, పూర్తిగా తెరిస్తే క్లబ్బు అద్దాలకు పూచీ ఎవరు? ఆ సగానికే మైదానంలో ఉన్నవాళ్లంతా తలలు పట్టుకుని కూలబడ్డారు, గోడ అవతల రోడ్డు మీద బస్సు ఆగిపోయింది, డ్రైవరు స్టీరింగు కింద దూరాడు, పక్క వీధి మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి కుర్చీ కింద దూరాడు, ఆయనకు ఇప్పటికీ మీసం ఒక పక్కే ఉంటుంది."

"రెండో పక్క?" అంది క్యాంటీన్ అక్క.

"మొలవడానికి జంకుతోంది."

"మరి బంతి ఏమైందన్నా?" అన్నాడు గేటు మనిషి.

"బంతా? గాల్లో ఆగింది. ఆగి, కింద ఎవరున్నారో చూసుకుని, ఎవరూ లేని చోట చూసి పడింది. నా కేకకు బంతులు కూడా మర్యాద నేర్చుకున్నాయిరా అబ్బాయ్. మనుషుల సంగతి చెప్పాలా? ఆ రోజుల్లో ఒకాయన కొడుతున్నాడంటే పక్కవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు, ఇద్దరు ముగ్గురు నీలంగా మారితే నేనే వీపు తట్టి ఊపిరి పీల్చండి బాబూ అనేవాణ్ని. తన నీడ ఎదుటివాడి బంతి దారిలో పడుతుందని ఒక జడ్జి గారైతే నీడని ఇంట్లోనే వదిలేసి వచ్చేవాడు."

సెక్రటరీ గారి పేపరు కొంచెం కదిలింది. బాబాయ్ అది చూశాడు.

"ఇంకా వినండి. నేను సంచీ పట్టిన కొత్తలో ఒకసారి ముందు జట్టువాళ్లు మేం నెమ్మదిగా ఆడుతున్నాం, మీరు ముందుకెళ్లండి అన్నారు. వెనక జట్టువాళ్లు అబ్బే, మీ తర్వాతే మేం అన్నారు. వాళ్లు కాదు మీరన్నారు, వీళ్లు కాదు మీరన్నారు. పొద్దున మొదలైన మర్యాద పొద్దుగూకినా తెగలేదు. ఇళ్ల నుంచి క్యారేజీలొచ్చాయి, దుప్పట్లొచ్చాయి. ఎనిమిదో రోజుకు గడ్డి మోకాళ్ల దాకా పెరిగితే ఇదిగో, ఈ అమ్మాయే వాళ్ల కాళ్ల చుట్టూ మిషను తిప్పి కోసింది."

"అప్పటికి నేను పుట్టానా బాబాయ్?"

"పుట్టకముందే కోశావు తల్లీ. నీ చురుకు అలాంటిది."

ఈసారి పేపరు వెనక నుంచి నవ్వు బయటికే వచ్చింది. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. నవ్వు వినబడ్డాక బాబాయ్ నోటికి కళ్లెం ఉండదు. చెప్పకూడదని నెల రోజులుగా మనసులోనే తొక్కిపెట్టుకున్న సంగతి దగ్గరికే కథ పోయి నిలబడింది.

"అంతెందుకు, మొన్నటికి మొన్న ఏడో గుంట దగ్గర. ఈ అమ్మాయి మిట్ట కింద మిషను మీదుంది. అవతల నుంచి ఎవరో వస్తాదు కొట్టాడు, బంతి మిట్ట దాటి దూసుకొస్తోంది. నేను గంట స్తంభం దగ్గరున్నా. 'ఫోర్' అని పూర్తి గొంతు తెరిచా, ముప్పై ఏళ్లలో అదే మొదలు. మిట్ట మీద గడ్డంతా దువ్వినట్టు వెనక్కి పడుకుంది, బంతి గాల్లో అలాగే నిలబడిపోయింది. నేను నింపాదిగా నడుచుకుంటూ వెళ్లా, కాస్త జరగమ్మా అన్నా, మిషను పక్కన పెట్టించా, వాళ్లమ్మకు ఒంట్లో ఎలా ఉందని అడిగా, పాపం ఈ పిల్ల గజగజా వణికిపోతుంటే మంచినీళ్లు తాగించా, అప్పుడు తలెత్తి, ఇక నువ్వు రావచ్చు అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అంది మిషను అమ్మాయి. గ్లాసు కింద పెట్టేసింది. "నువ్వు అరవలేదు బాబాయ్."

బాబాయ్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"మిషను ఆన్‌లో ఉంటే నా చెవులకు ఈ డొప్పలుంటాయి. విమానం పోయినా నాకు వినబడదు. నేను కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నా. నువ్వు నోరు తెరిచావు, మెడ నరాలు పొంగాయి, కానీ 'ఫోర్' అనాలంటే కదలాల్సిన పెదాలు కదల్లేదు. తర్వాత తువ్వాలు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చావు, గుంటలో కాలు పడి మోకాలు మెలిపడింది, అయినా ఆగలేదు. నా ముందుకొచ్చి, మిట్ట వైపు వీపు పెట్టి నిలబడ్డావు. బంతి నీ వీపుకు తగిలింది. ఎవరికీ చెప్పొద్దంటే ఇన్నాళ్లూ చెప్పలేదు. నేను వణికానంటే మాత్రం ఊరుకోను."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే అక్క అటు చూడకుండానే మంట తగ్గించింది.

బాబాయ్‌కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ రోజు గొంతులోంచి గాలి కూడా రాలేదు. తనకున్నదే ఆ గొంతు, పేరు కూడా దాన్ని బట్టే వచ్చింది, అవసరమైన ఒక్క క్షణాన అది లేకుండా పోయింది. అది తెలిస్తే ఎవరు పని ఇస్తారు అనుకున్నాడు. కానీ ఆయన అసలు దాచింది అది కాదు.

గేటు మనిషి ఈల తిప్పుతూ ఆలోచనలో పడ్డాడు. "అంతా బాగానే ఉందన్నా. అవతలివాళ్లు గంట వినకుండా ఎలా కొట్టారు? గంట ఎవరు కొట్టారు?"

అబద్ధం నాలుక చివరే ఉంది. వాళ్లు గంట కోసం ఆగలేదని ఒక్క మాటంటే చాలు, ఆడేవాళ్ల మీద పడిపోతుంది, కాదనేవాళ్లూ లేరు. ఎదురుగా ఆ అమ్మాయి తన వైపే చూస్తోంది, ఇంకా కొంచెం గర్వంగానే చూస్తోంది. సోమవారం ఆ అమ్మాయి మళ్లీ ఆ మిట్ట కిందికే వెళ్లాలి.

"నేనే," అన్నాడు బాబాయ్. ఆయన అంత మెల్లగా మాట్లాడటం అక్కడెవరూ ఇదివరకెప్పుడూ వినలేదు. "మా జట్టు ముందుకెళ్లిపోయింది. వెనకవాళ్లు పావుగంట నుంచి కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దవాళ్లను అంతసేపు నిలబెట్టడం మర్యాద కాదని గబగబా గంట కొట్టేశా. కొట్టాక వెనక్కి తిరిగా. అప్పుడు నువ్వు చెట్ల వెనక నుంచి మిషనుతో వస్తున్నావు తల్లీ. చూసి కొట్టాల్సింది, కొట్టి చూశా."

ఆ అమ్మాయి డొప్పలు మెడలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు ప్రాణం కాపాడానని నువ్వు నాకు దణ్ణం పెట్టావు కదమ్మా. అది పోతుందని భయమేసింది."

సెక్రటరీ గారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. బాబాయ్ లేవబోయాడు, మోకాలు కలుక్కుమంది, మళ్లీ కూర్చున్నాడు. గంటా పోయింది, కుర్చీ పోయింది, పెళ్లానికి ఏం చెప్పాలో ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు.

సెక్రటరీ గారు ఆయన్ని ఏమీ అడగలేదు, అమ్మాయి వైపు తిరిగాడు. "రోజూ ఆ మిట్ట కింద పనిచేసేది నువ్వు. గంట దగ్గర ఎవరుంటే నీకు ధైర్యం? నువ్వే చెప్పు."

"నాకు కోపంగా ఉంది," అంది ఆ అమ్మాయి.

"ఉంటుంది."

"కోపం ఉన్నా బాబాయే ఉండాలి. ఇక జన్మలో చూడకుండా కొట్టడు. కానీ ఒకటి. నేను చెట్ల వెనక నుంచి వచ్చే ముందు ఎర్ర గుడ్డ ఊపుతా. నేను పని ముగించుకుని వెళ్లిపోయేదాకా, అవతల ఎంత పెద్దవాళ్లు నిలబడి ఉన్నా సరే, గంట కొట్టకూడదు."

"ఎనిమిది రోజులు నిలబడినా కొట్టను," అన్నాడు బాబాయ్. ఎవరూ నవ్వలేదు. ఈసారి అది కోత కాదని అందరికీ తెలుసు.

గేటు మనిషి మెడలోంచి ఈల తీసి, చొక్కాకు తుడిచి, బల్ల మీద బాబాయ్ ముందుకు జరిపాడు. "గొంతు రాని రోజు ఇది ఊదన్నా. నాకు గేటు చాలు, అక్కడ నీడ బాగానే ఉంటుంది."

బాబాయ్ దాన్ని తీసుకుని మెడలో వేసుకున్నాడు. ఏదో అనబోయాడు, మాట పెగల్లేదు, గొంతు మళ్లీ అదే పని చేసింది. ఈసారి ఆయనకు సిగ్గనిపించలేదు.

క్యాంటీన్ అక్క టీ పోస్తూ ఆయన వీపు వైపు చూసింది. "అంత దూరం నుంచి వచ్చిన బంతి కదా తమ్ముడూ. దెబ్బ గట్టిగా తగిలిందా?"

అందరూ వేచి ఉన్నారు. కొబ్బరికాయంత అంటాడని గేటు మనిషి అనుకున్నాడు. గుమ్మడికాయంత అంటాడని అక్క అనుకుంది.

"అబ్బే, ఏదో నిమ్మకాయంత వాచింది," అన్నాడు బాబాయ్. "రెండ్రోజుల్లో తగ్గిపోయింది."

"కోతలు కొయ్యకు బాబాయ్," అంది మిషను అమ్మాయి. "బత్తాయంత వాచింది. నేను చూశా."